బటన్ నొక్కాక, తెర కదిలేలోపు

కల్మలలో ఇల్లు, రాయచూరులో కొలువు. జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాయడమో, శక్తినగర్ థర్మల్ కేంద్రంలో షిఫ్టు డ్యూటీయో, ఏదో షోరూములో కౌంటరో. సాయంత్రం లింగసుగూరు రోడ్డు మీద బస్సు దిగి, కాళ్ళు కడుక్కుని, అన్నం తిని, పిల్లల్ని పడుకోబెట్టాక తనదంటూ మిగిలేది ఒక గంట. ఆ గంట స్నేహితులతో కలిసి ఆడుకుందామని కూర్చుంటే ముందు కాల్చింది మనమే, చచ్చిందీ మనమే. "మా ఊళ్ళో నెట్ అంతేలే" అని నిట్టూర్చి, వచ్చే నెల జీతంలోంచి ఇంకో రెండొందలు ఎక్కువ పెట్టి పెద్ద ప్లాన్ వేయించుకుంటారు. ప్లాన్ మారుతుంది, ఆట మారదు. ఆ తర్వాతి మెట్టు వాయిదాల మీద కొత్త ఫోను.

డబ్బు తీసే ముందు ఆలస్యం ఎక్కడ జరుగుతోందో తేల్చుకోవాలి. వేలు బటన్ మీద పడిన దగ్గర్నుంచి ఫలితం కంటికి కనబడే వరకు ఆ సంకేతం చాలా చేతులు మారుతుంది: మౌసు లేదా టచ్, ప్రాసెసరు, గ్రాఫిక్స్ చిప్, తెర. ఇదంతా ఇంట్లోనే జరిగేది. ఆ తర్వాత వైఫై, కేబులు, ఎక్కడో ముంబైలో ఉన్న సర్వరు. మనం తిట్టేది ఎప్పుడూ ఈ రెండో భాగాన్నే. మొదటి భాగం కంటికి ఆనదు కాబట్టి దాని జోలికి పోం.

డూమ్, క్వేక్ ఆటల వెనక ఉన్న ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ 2012లో ఒక వింత లెక్క బయటపెట్టాడు. అమెరికా నుంచి ఐరోపాకు ఒక డేటా ప్యాకెట్ చేరడానికి పట్టే సమయం కన్నా, ఎదురుగా ఉన్న తెర మీద ఒక చుక్క వెలగడానికే ఎక్కువ సమయం పడుతోందన్నాడు. నమ్మని వాళ్ళకు తాను ఎలా కొలిచాడో కూడా వివరించాడు. 2017లో డాన్ లూ అనే మరో ప్రోగ్రామరు పాతవీ కొత్తవీ కంప్యూటర్లు ముందేసుకుని, మీట నొక్కిన క్షణం నుంచి అక్షరం తెర మీద పడే క్షణం దాకా కొలిచాడు. గెలిచింది 1983 నాటి ఆపిల్ టూ ఈ, 30 మిల్లీసెకన్లతో. దానికన్నా ఎన్నో రెట్లు శక్తిమంతమైన నేటి యంత్రాలు వెనకబడ్డాయి. తొంభైల్లో పెట్టె టీవీకి తగిలించుకుని క్యాసెట్లు మార్చుకుంటూ మారియో, కాంట్రా ఆడిన వాళ్ళు "అప్పుడు చేతికి వెంటనే పలికేది" అంటే వయసు మీద పడిన గొణుగుడు అనుకోకండి. ఆ టీవీ సంకేతం వస్తున్నకొద్దీ బొమ్మ గీసుకుంటూ పోయేది, దాచుకుని మెరుగులు దిద్దేది కాదు.

కాబట్టి మొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు. నెట్ పూర్తిగా ఆపేసి, నెట్ లేకుండా ఆడగలిగే ఏదైనా ఆట తెరవండి. అదే బద్ధకం, అదే చేతికి అందనితనం కనబడితే నెట్ కంపెనీ నిర్దోషి. ఆన్‌లైన్ ఆటలో కూడా తేడా పట్టుకోవచ్చు. మీ బొమ్మ మీ చేతికి వెంటనే తిరుగుతోంది, కానీ ఎదుటివాడు ఇక్కడ మాయమై అక్కడ తేలుతున్నాడు, తలుపు తీస్తే మళ్ళీ మూసుకుంటోంది, గోడ చాటుకు వచ్చాక కూడా గుండు తగులుతోంది అంటే తప్పు నెట్‌ది. 1996లో క్వేక్‌వరల్డ్ వచ్చినప్పటి నుంచి ఇలాంటి ఆటలు సర్వరు జవాబు కోసం ఆగకుండా మీ కదలికను మీ తెర మీద ముందే చూపించేస్తున్నాయి. అందుకే నెట్ ఎంత నీరసంగా ఉన్నా మీ నడక మీకు బాగానే కనిపిస్తుంది. అలాకాక మీ సొంత చూపే, మెనూలో బాణం గుర్తే చేతి వెనక ఈడ్చుకుంటూ వస్తోందంటే దోషం ఇంట్లోనే ఉంది. మూడో రకం: పొగ వేసినప్పుడు, జనం గుమిగూడినప్పుడు మాత్రమే బొమ్మ తడబడటం. అది గ్రాఫిక్స్ భారం మోయలేని పరికరం సంగతి.

అనుమానం వద్దు, కొలుద్దామంటే కొలవడానికి సాధనం చాలామంది జేబులో ఉంది. ఫోను కెమెరాలో స్లో మోషన్ సెకనుకు 240 చిత్రాలు తీస్తుంటే ఒక్కో చిత్రానికి సుమారు 4 మిల్లీసెకన్లు. వేలూ తెరా రెండూ పడేలా ఫోను నిలబెట్టి, బటన్ పదిసార్లు నొక్కుతూ వీడియో తీయండి. తర్వాత ఒక్కో చిత్రం జరుపుకుంటూ, బటన్ పూర్తిగా కిందికి వెళ్ళిన చిత్రం నుంచి తెర మీద మొదటి మార్పు కనిపించిన చిత్రం దాకా లెక్కపెట్టండి. 20 చిత్రాలు వస్తే 80 మిల్లీసెకన్ల పైచిలుకు. పదింటి సగటు తీసుకోండి, ఒకదాన్ని నమ్మకండి. ఫోనులో 120 చిత్రాలే వస్తే ఒక్కోటి 8 మిల్లీసెకన్లు, లెక్క మొరటుగా ఉంటుంది, అయినా పనికొస్తుంది. 960 అని గొప్పగా రాసినవాటిలో కొన్ని మధ్య చిత్రాలను ఊహించి అల్లుతాయి, వాటి జోలికి పోవద్దు. 60 హెర్ట్జ్ తెర మీద, సెకనుకు 60 ఫ్రేములతో ఆడే ఆటలో మొత్తం 60, 80 వస్తే ఫరవాలేదు. వంద దాటితే వేళ్ళకు తెలుస్తుంది. మార్పు చేసిన ప్రతిసారీ ఇదే కొలత మళ్ళీ తీయండి. యూట్యూబులో ఎవరో చెప్పిన ఇరవై చిట్కాలు ఒకేసారి అమలు చేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో ఎప్పటికీ తెలియదు.

ఇంట్లో దోషం ఉందని తేలితే నేను మొదట అనుమానించేది టీవీని. ల్యాప్‌టాపో గేమ్ బాక్సో తెచ్చి హాల్లో ఉన్న పెద్ద టీవీకి తగిలించి ఆడే ఇళ్ళు ఇప్పుడు చాలా ఉన్నాయి. టీవీ సినిమా చూడటానికి తయారైంది. వచ్చిన బొమ్మను కాసేపు ఆపుకుని, మచ్చలు తుడిచి, రెండు బొమ్మల మధ్య లేని బొమ్మను అల్లి, అప్పుడు చూపిస్తుంది. సినిమాకు దానివల్ల నష్టం లేదు, మాటా బొమ్మా కలిసే ఆలస్యమవుతాయి. ఆటలో మాత్రం ఒక్క టీవీయే వంద మిల్లీసెకన్ల దాకా మింగేయగలదు. రిమోట్‌లో పిక్చర్ మోడ్ తెరిచి గేమ్ మోడ్ పెట్టండి. మంచి టీవీల్లో ఆ ఒక్క మార్పుతో ఆలస్యం 10, 20 మిల్లీసెకన్లకు దిగుతుంది. శామ్‌సంగ్‌లో ఆటో మోషన్ ప్లస్, ఎల్జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అని పిలిచే, బొమ్మను నునుపు చేసే హంగు ఆపేయండి. కొన్ని టీవీల్లో హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరును పీసీ అని మార్చినా ఈ మెరుగుల పని ఆగిపోతుంది. ఫోను తెరను వైఫై మీదుగా టీవీలో చూపిస్తూ ఆడటాన్ని మాత్రం ఏ సెట్టింగూ బాగుచేయలేదు, కేబులు పెట్టాల్సిందే. కొత్త గ్రాఫిక్స్ కార్డు కోసం డబ్బు కూడబెడుతున్న ఇంట్లో రిమోట్‌లో ఉన్న ఆ ఒక్క బటన్ ఎవరూ నొక్కకపోవడం చాలా మామూలు సంగతి.

మానిటరు వాడేవాళ్ళు ఒకటి చూసుకోవాలి. 144 హెర్ట్జ్ అని కొని తెచ్చుకున్న మానిటరు విండోస్‌లో 60కే ఆగిపోయి ఉంటుంది, నెలల తరబడి ఎవరూ గమనించరు. డిస్‌ప్లే సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి రిఫ్రెష్ రేటు చూడండి. 60 దగ్గర ఒక్కో బొమ్మకు 16.7 మిల్లీసెకన్లు, 144 దగ్గర 6.9. సెట్టింగులో 144 అసలు కనిపించకపోతే పాత హెచ్‌డీఎంఐ కేబులు అడ్డం పడుతుండవచ్చు. డిస్‌ప్లేపోర్ట్ ఉంటే దాన్నే వాడండి.

కంప్యూటరు లోపల జరిగే ఆలస్యం కాస్త ఓపిగ్గా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే ఖరీదైన పొరపాట్లన్నీ ఇక్కడే. ప్రాసెసరు ఒక ఫ్రేముకు కావలసిన సరుకు సిద్ధం చేసి గ్రాఫిక్స్ చిప్‌కు అందిస్తుంది, అది బొమ్మ గీస్తుంది. చిప్ అందుకోలేకపోతే సిద్ధమైన ఫ్రేములు బయట వరస కడతాయి. పత్తి సీజన్లో మిల్లు గేటు ముందు ట్రాక్టర్లు ఆగినట్టే. మీరు ఇప్పుడు నొక్కిన బటన్ ఆ వరసలో ఆఖరి ట్రాక్టరులో ఉంటుంది. ముందున్నవన్నీ దిగితేగాని దాని వంతు రాదు. గ్రాఫిక్స్ చిప్ వాడకం ఎప్పుడూ 98, 99 శాతం దగ్గర ఉంటే మీ దగ్గర వరస ఉన్నట్టే. ఉపాయం సులువు: నీడలు, పొగ, నీళ్ళ మెరుపు తగ్గించండి. తర్వాత ఆట సెట్టింగులో ఫ్రేముల సంఖ్యకు పరిమితి పెట్టండి, చిప్ ఎప్పుడూ సునాయాసంగా గీయగల సంఖ్య దగ్గర. 110, 70 మధ్య ఊగే ఆట కన్నా 75 దగ్గర నిలకడగా నిలిచే ఆట చేతికి బాగా పలుకుతుంది. ఎన్‌వీడియా 2020లో తెచ్చిన రిఫ్లెక్స్, ఏఎండీ 2019లో తెచ్చిన యాంటీ ల్యాగ్ ఈ వరసను పొట్టిగా ఉంచడానికే పుట్టాయి. మీ ఆటలో ఉంటే ఆన్ చేయండి.

వీసింక్ బొమ్మ చీలిపోకుండా కాపాడుతుంది, బదులుగా ఆలస్యం పెంచుతుంది. పోటీ ఆటల్లో ఆపేయండి. చీలిక కంటికి గుచ్చుకుంటుంటే, మానిటరుకు ఫ్రీసింక్ లేదా జీసింక్ ఉందేమో చూసి, దాన్ని ఆన్ చేసి, ఫ్రేముల పరిమితిని రిఫ్రెష్ రేటు కన్నా మూడు నాలుగు తక్కువకు కట్టండి. ఇక కొత్త కార్డుల ప్రకటనల్లో ఫ్రేమ్ జనరేషన్ అని ఊదరగొడుతున్నారే, అది అసలు ఫ్రేముల మధ్య కల్పిత ఫ్రేములు దూరుస్తుంది. తెర మూలన అంకె రెట్టింపవుతుంది, బొమ్మ నున్నగా సాగుతుంది, చేతికి అందే వేగం మాత్రం పెరగదు, కాస్త తగ్గుతుంది కూడా. ఒంటరిగా ఆడే కథల ఆటలకు అది బాగుంటుంది. తుపాకీ ఆటలకు వద్దు.

మౌసు గురించి రెండు మాటలు చాలు. సెకనుకు 125 సార్లు కబురు చెప్పే మామూలు మౌసుకీ 1000 సార్లు చెప్పే గేమింగ్ మౌసుకీ మధ్య తేడా గరిష్ఠంగా 7 మిల్లీసెకన్లు. తీగ ఉన్నది కొనండి, మెరిసే లైట్లకు డబ్బు పెట్టకండి.

ల్యాప్‌టాప్ వాళ్ళకు మన వైపు ప్రత్యేకంగా ఒక సమస్య ఉంది. కరెంటు పోగానే ఆట ఆగకుండా బ్యాటరీ మీద సాగుతుంది, కానీ ల్యాప్‌టాప్ తన వేగాన్ని తానే బాగా తగ్గించుకుంటుంది. కరెంటు పోయిన సంగతి ఫ్యాను ఆగితే తెలుస్తుంది. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో ఫ్యాను ఆగదు, ల్యాప్‌టాప్ ప్లగ్గు మాత్రం ఇన్వర్టరు లైనులో ఉండకపోవచ్చు. ఆట ఉన్నట్టుండి బరువెక్కితే మొదట బ్యాటరీ గుర్తు చూడండి.

చాలామందికి ఆట అంటే ఫోనే, కాబట్టి ఎండ సంగతి మాట్లాడాలి. కర్ణాటకలో వేసవి బాగా మండే జిల్లాల్లో రాయచూరు ఒకటి. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్నా ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం ఇక్కడ వార్త కాదు. ఫోనులో ఫ్యాను ఉండదు. వేడి తట్టుకోలేక ప్రాసెసరు తన వేగం తగ్గించుకుంటుంది, తెర వెలుగు కూడా దానంతటదే మందగిస్తుంది. మొదటి పది నిమిషాలు బీజీఎంఐ గాలిలా ఆడి, రెండో మ్యాచ్ నుంచి జిగురు పట్టినట్టయితే అది నెట్ కాదు, వేడి. వెనక కవరు తీసేయండి. ఛార్జింగులో పెట్టి ఆడకండి, ఛార్జింగ్ వేడీ ఆట వేడీ కలిసి రెండింతలవుతాయి. సెట్టింగులో 90 ఫ్రేములు ఉన్నాయని 90 పెట్టకండి. పది నిమిషాలకు 45కి జారిపడే 90 కన్నా గంటసేపు నిలిచే 60 మేలు. గ్రాఫిక్స్ స్మూత్‌లో ఉంచండి, టేబుల్ ఫ్యాను గాలి ఫోను వీపుకు తగిలేలా కూర్చోండి. ఫ్రిజ్‌లో పెట్టి తీసే పెద్దమనుషులున్నారు. లోపల చెమ్మ చేరి ఆటతో పాటు ఫోను కూడా పోతుంది.

డెవలపర్ ఆప్షన్స్ తెరిచి ఫోర్స్ 4ఎక్స్ ఎమ్‌ఎస్‌ఏఏ ఆన్ చేస్తే ఆట పరుగెడుతుందనే చిట్కా ఊరూరా తిరుగుతోంది. అది చిప్ మీద భారం పెంచేది, తగ్గించేది కాదు. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే చాలా ఫోన్లు 120 హెర్ట్జ్ తెరను 60కి దించేస్తాయి, ఆడే ముందు ఆపండి. ర్యామ్ శుభ్రం చేస్తామనే బూస్టరు యాప్‌లు ప్రకటనలు చూపించి, కాంటాక్టులు చూడటానికి అనుమతి అడిగి, ఇంకాస్త ర్యామ్ తినేవే. ఆట ఫైళ్ళను మార్చే బయటి యాప్‌లతో ఖాతా నిషేధం పాలయ్యే ప్రమాదమూ ఉంది. చెమట వేళ్ళకు, తెర మీద అతికించిన మందపాటి చవక గాజుకు టచ్ సరిగా అందదు. పక్కన ఒక పాత నూలు గుడ్డ పెట్టుకోండి.

చెవిలో పెట్టుకునే బ్లూటూత్ పరికరం సంగతి చాలామందికి తట్టదు. మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దం 150, 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరడం సాధారణం. వీడియో ప్లేయరు బొమ్మను వెనక్కి జరిపి పెదవులకు మాట కలిపేస్తుంది కాబట్టి సినిమాలో తెలియదు. ఆట అలా సర్దుకోలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు మీ చెవికి చేరేసరికి ఆ అడుగుల మనిషి గదిలో ఉంటాడు. తీగ ఇయర్‌ఫోన్లు వాడండి. ఫోనుకు గుండ్రటి రంధ్రం లేకపోతే టైప్ సీ ఇయర్‌ఫోన్లు దొరుకుతాయి.

ఇక నెట్. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. రాయచూరు నుంచి ముంబై రైలు దారిన సుమారు ఏడు వందల కిలోమీటర్లు. పోయి రావడానికి వెలుగుకు 7 మిల్లీసెకన్లు చాలు. పింగ్ మాత్రం 35, 40 చూపిస్తుంది, ఎందుకంటే దారి తిన్నగా ఉండదు, మధ్యలో ఎన్నో రౌటర్లు. మీ చేతిలో ఉన్నది ఆ దారి కాదు, దాని రెండు కొసలు. ఒక కొస సర్వరు ఎంపిక. ఆట సింగపూరు సర్వరుకు తగులుకుని ఉంటే ముంబైకి మార్చండి. రెండో కొస మీ ఇల్లు.

ఇంటి కొసను ఇలా పరీక్షించండి. కంప్యూటరులో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి మొదట మీ రౌటరుకే పింగ్ కొట్టండి, చాలా ఇళ్ళలో దాని చిరునామా 192.168.1.1. ఒకటి రెండు మిల్లీసెకన్లలో జవాబు రావాలి. 5, 60, 12, 110 అంటూ గంతులేస్తుంటే కంపెనీకి ఫోను చేసి పోట్లాడి లాభం లేదు, దోషం మీ వైఫైది. మందపాటి రాతి గోడల ఇంట్లో రౌటరు ముందు గదిలో, మీరు మేడ మీద అయితే ఇంతే. 5 గిగాహెర్ట్జ్ పక్క గది వరకే బాగుంటుంది, 2.4 దూరం పోతుంది కానీ ఇరుగుపొరుగు వైఫైలతో కిక్కిరిసి ఉంటుంది. కొన్ని వందల రూపాయల లాన్ కేబులు కిటికీ మీదుగా లాగితే ఈ బాధ తీరుతుంది. ఈ వ్యాసంలో నేను ఖర్చు పెట్టమని ధైర్యంగా చెప్పే మొదటి వస్తువు అదే.

తర్వాత బయట ఉన్న గూగుల్ సర్వరు 8.8.8.8కు పింగ్ కొట్టి, అలా నడుస్తుండగానే ఇంట్లో ఎవరినైనా ఒక పెద్ద వీడియోను అప్‌లోడ్ చేయమనండి. 40 ఉన్న అంకె 300కు ఎగబాకితే మీ రౌటరు అవసరానికి మించి డేటాను తన దగ్గర పోగేసుకుంటోందని అర్థం. దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు. మీ ఆట ప్యాకెట్ చిన్నదే, కానీ ముందు పోగుపడ్డ వీడియో అంతా వెళ్ళాకే దానికి దారి. పెళ్ళి ఫోటోలన్నీ గూగుల్‌కు ఎక్కేది సరిగ్గా మీరు ఆటకు కూర్చున్న వేళకే. ఫోన్లలో ఆటో బ్యాకప్‌ను తెల్లవారుజాముకు మార్చుకోండి లేదా ఆడేటప్పుడు ఆపుకోండి. రౌటరులో క్యూఓఎస్ లేదా ఎస్‌క్యూఎమ్ అనే సెట్టింగు ఉంటే, అప్‌లోడ్ పరిమితిని మీ అసలు వేగంలో తొంభై శాతానికి కట్టండి. 40 ఎంబీపీఎస్ నుంచి 100కు మారితే సినిమా త్వరగా దిగుతుంది, పింగ్ తగ్గదు. ఇలాంటి ఆటలకు సెకనుకు ఒక మెగాబిట్ కూడా అక్కర్లేదు.

మొబైల్ డేటా తప్ప గతిలేని ఇళ్ళు చాలా ఉంటాయి. ఫోను హాట్‌స్పాట్ బదులు యూఎస్‌బీ తీగతో టెథరింగ్ పెట్టండి, ఒక వైఫై గొడవ తగ్గుతుంది. టవరు వైపు కిటికీ దగ్గర కూర్చోండి. రాత్రి ఎనిమిది నుంచి పది వరకు ఊరంతా ఒకే టవరు మీద పడినప్పుడు మాత్రం చేయగలిగింది లేదు. వీపీఎన్ పెట్టుకుంటే పింగ్ తగ్గుతుందనేది ఎప్పుడో ఒకసారి నిజం, ఎక్కువసార్లు దారి ఇంకా చుట్టు తిరుగుతుంది. ఆ వేళలో చదరంగమో, వంతులవారీగా ఆడే వ్యూహాల ఆటో ఆడుకోండి. 200 మిల్లీసెకన్లు వాటినేమీ చేయలేవు.

ఇంత చేశాక కూడా ఓడిపోతుంటే మిగిలిన ఆలస్యం మనిషిది. తెర మీద మార్పు చూసి వేలు కదపడానికి మామూలు మనిషికి 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. పైన చెప్పినవన్నీ కలిపి మిగిల్చేదాని కన్నా ఇదే పెద్దది, అలసటతో ఇంకా సాగుతుంది. విలియమ్సన్, ఫేయర్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించిన పరీక్షల్లో, 17 నుంచి 19 గంటలు నిద్రలేకుండా ఉన్నవాళ్ళ పనితనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాళ్ళతో సమానంగానో అంతకన్నా హీనంగానో తేలింది. మన దేశంలో బండి నడపడానికి చట్టం ఒప్పుకునే హద్దు 0.03. నైట్ షిఫ్టు దిగి, నిద్రపోకుండా రెండు మ్యాచ్‌లు ఆడి, మళ్ళీ బైకు తీసేవాళ్ళు ఈ లెక్క ఆట కోసం కాకపోయినా రోడ్డు కోసం గుర్తుంచుకోవాలి. షిఫ్టు వాళ్ళకు నేను చెప్పేది నిద్ర లేచాక, డ్యూటీకి ముందు ఆడమని.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రం ఆడకండి. కొన్ని ఆటల్లో మోసాన్ని పట్టే యాంటీ చీట్ ప్రోగ్రాములు, వాలరెంట్‌తో 2020లో వచ్చిన వ్యాన్‌గార్డ్ లాంటివి, విండోస్ లోపలి పొరలో కూర్చుంటాయి. కంపెనీ భద్రతా విభాగానికి అది దొంగ చొరబాటులా కనిపించవచ్చు, అప్పుడు మీరు సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది ఆట గురించి కాదు. అయితే ఇదే జ్ఞానం ఆఫీసు పనికి నేరుగా ఉపయోగపడుతుంది. ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్ మీద డేటా ఎంట్రీ చేసేవాళ్ళకు అక్షరం టైపు చేసిన అరసెకనుకు కనిపిస్తుంటే తప్పులు పెరుగుతాయి, రోజుకు ఇన్ని అని కట్టిన లెక్క తప్పుతుంది. మనిషికి జవాబు తక్షణం అనిపించాలంటే పదో వంతు సెకను లోపు రావాలని రాబర్ట్ మిల్లర్ 1968లోనే రాశాడు. "నెట్ స్లో సార్" అని చెప్పే ఉద్యోగికీ, "రౌటరు దాకా 2, బయటికి 45, మీ సర్వరుకు 310 వస్తోంది, రోజూ పదకొండు గంటల తర్వాతే" అని చెప్పే ఉద్యోగికీ ఐటీ విభాగంలో దొరికే మర్యాద వేరు.

ఈ పరిశీలన జీతం తెచ్చే పని కూడా. హైదరాబాదులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు స్టూడియో ఉంది. బెంగుళూరులో రాజేశ్ రావు 1997లో మొదలుపెట్టిన ధ్రువ ఇంటరాక్టివ్‌ను 2019లో రాక్‌స్టార్ కొనుక్కుంది. రాయచూరు నుంచి ఒకటి మధ్యాహ్నానికల్లా చేరే దూరం, ఇంకోటి రాత్రి రైలు దూరం. ఆటలు తయారయ్యే చోట టెస్టర్లు కావాలి, కానీ ఆటలో మీ ర్యాంకు ఎంతని అక్కడ ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. దోషం ఎక్కడుందో విడదీసి, ఇంకొకరు మళ్ళీ పుట్టించగలిగేలా రాయడం వచ్చా అని చూస్తారు. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ చదివిన మన పిల్లలు ఇంగ్లీషుకు జంకుతారు. ఆ రిపోర్టుకు పొట్టి వాక్యాలు చాలు, అలంకారాలు అక్కర్లేదు. ఒక మాట మధ్యలో చెప్పాలి: 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించింది, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. గేమింగ్ ఉద్యోగం అని చెప్పి రమ్మీ, బెట్టింగ్ యాప్‌లకు మనుషుల్ని చేర్చే పని ఎవరైనా అంటగడితే దూరం జరగండి.

అభ్యాసానికి మీరు రోజూ ఆడే ఆటలోనే ఒక దోషం పట్టుకుని రాయండి. ఫోను మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, ఆట వెర్షన్, తెర రిఫ్రెష్ రేటు, వైఫైయా డేటానా, అప్పటి పింగ్ ఎంత. ఏం చేస్తే వచ్చింది, పదిసార్లు చేస్తే ఎన్నిసార్లు వచ్చింది. ఏం జరగాలి, ఏం జరిగింది. నెట్ ఆపినా వస్తోందా, ఫోను చల్లారాక కూడా వస్తోందా. ఆఖరి రెండు ప్రశ్నలకు జవాబు ఉన్న రిపోర్టులు తక్కువ, కాబట్టి అవి తప్పకుండా రాయండి. స్లో మోషన్ వీడియోను కత్తిరించి జత చేయండి, పది సెకన్లు మించకుండా.